‘ఎందుకు’ సభలో మా తవిటి

బయటి తలుపు. తెరలు దులిపిన రోజు.

గాలి బిగింపు సరిగా ఉంది. లోపలి తలుపు రబ్బరు ఒకచోట ఉబ్బితే నొక్కి సరిచేశాను. బయటికి నలుగురు వెళ్ళారు, నలుగురూ తిరిగి వచ్చారు. ధూళి నిన్నటికంటే దట్టంగా ఉంది. సూర్యుడు అరిగిపోయిన చొక్కా బొత్తాంలా కనిపించి మాయమయ్యాడు.

తలుపు చిట్టాలో ఇంతవరకే రాయాలని నియమం. నా తరవాత కాపలాకు వచ్చేవాళ్ళు చదువుకోవడానికి ఇది. కానీ ధూళి కాలంలో రాయడానికి ఏముంటుంది? తలుపు మూసి ఉంది, ఇంకా మూసే ఉంది. అందుకని మా అమ్మాయి సంగతి రెండు మాటలు రాస్తున్నాను. చదివేవాళ్ళు విసుక్కుంటే విసుక్కోండి, నా సంతోషం మాత్రం తగ్గదు.

మా అమ్మాయి పేరు తవిటమ్మ. ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అలా అయినప్పుడు మా వైపు తరవాత పుట్టిన బిడ్డను ఎవరి చేతుల్లోనో పెట్టి, చేటెడు తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కుంటారు. తవుడికి కొన్న బిడ్డ మీద ఏ కన్నూ పడదని నమ్మకం. ఈ ఎర్ర నేల మీద వరి ఎక్కడిది, తవుడు ఎక్కడిది? తొట్టెలో పెరిగే నాచును ఎండబెట్టి, ఆ పొడి గుప్పెడు ఇచ్చి కొన్నాం. అయితే నాచమ్మ అని పెట్టండి అని పక్కవాళ్ళు నవ్వారు. మా ఆవిడ పారమ్మ ఒప్పుకుంటేనా! తవిటమ్మే అంది. భూమి లెక్కలో నాకు డెబ్భై దాటాయి, పిల్లకు పదమూడు. ఇక్కడి సంవత్సరం దాదాపు రెండింతల పొడుగు కాబట్టి నాకింకా నలభై కూడా రాలేదని పారమ్మను ఆటపట్టిస్తుంటాను.

ఇవాళ గాలి వడకట్టే తెరల నుంచి రాలిన ఎర్ర ధూళిని నేల మీద పరుచుకుని తవిటి నా పక్కన కూర్చుని ముగ్గు వేసింది. మా ఊళ్ళో పిల్లలందరిదీ ఇదే ఆట. వరసగా చుక్కలు పెట్టాలి. వేలు ఎత్తకుండా ఒకే గీత ఏటవాలుగా సాగి, అంచుకు తగిలి మలుపు తిరిగి, చుక్కలన్నిటినీ చుట్టి, బయలుదేరిన చోటికి రావాలి. చుక్కలు మిగిలి ఉండగానే గీత ఇంటికి వచ్చేస్తే ఓడినట్టు.

“నాన్నా, ఇటు సూడు. అడ్డం అయిదు, పొడుగు ఆరు. ఒక్క గీతే!”

“అబ్బో!”

“ఇప్పుడు నాలుగూ నాలుగూ. సూసినావా, బేగి ఇంటికొచ్చీసింది. ఎన్ని సుక్కలు మిగిలిపోనాయో! ఎందుకంటావు?”

“నానేటంతానమ్మా. దానికి ఇల్లు గురుతొచ్చిందేమో.”

“నీతో ఆడకూడదు నాన్నా!” అని నవ్వి, తరవాత నెమ్మదిగా చెప్పింది. “నాను కనిపెట్టీసినాను. ఒకటి సరీ, ఒకటి బేసీ అయితే గీత అన్నీ సుట్టి వస్తది.”

నేను అయిదో తరగతి దాకా చదివాను. సరి, బేసి అనేవి చింతపిక్కలు గుప్పిట్లో దాచి అడగడానికే పనికొస్తాయని అనుకున్నాను. ఈ పిల్ల వాటితో గీతకు దారి చెబుతోంది! నేను ఆ సంతోషంలో దులిపిన తెరనే మళ్ళీ దులిపాను.


బయటి తలుపు. సభ జరిగిన రోజు.

బయటికి ఎవరూ వెళ్ళలేదు. ధూళి వల్ల తలుపు తీయవద్దని మాట.

కొత్త పందిరి గురించి ‘ఎందుకు’ సభ పెట్టారు. పందిరి అంటే మేము పంట పండించే గాజు కప్పు గది. అందులో వరసలుగా రాతి దిమ్మెలు, దిమ్మె మీద మట్టి, మట్టిలో మొక్క. దిమ్మెల చుట్టూ వేడినీళ్ళ గొట్టం ఒకటి ముగ్గులాగే మెలికలు తిరుగుతుంది. అది చుట్టని దిమ్మె గడ్డకడుతుంది, మొక్క చస్తుంది. గొట్టానికి అతుకులు ఉండకూడదు, ఈ చలికి అతుకు పగులుతుంది. గుళికలు కరిగించే అచ్చులోంచి గొట్టం మెత్తగా, వేడిగా వచ్చి, నేలకు తగిలిన కాసేపటికి రాయిలా బిగుస్తుంది. ఒకసారి పరిచామంటే మళ్ళీ తీయలేం. గొట్టం పోసే గుళికలు ఒక్క పందిరికి సరిపడా ఉన్నాయి. భూమి నుంచి మళ్ళీ ఓడ వస్తే తప్ప ఇంకో బస్తా లేదు.

ఇంతకు ముందు కట్టిన పందిళ్ళు అయిదూ ఆరూ, ఏడూ ఎనిమిదీ, తొమ్మిదీ పదీ. నూరు చదివించాల్సిన చోట నూటపదహార్లు చదివించే జనం కదా మేము. ఏ లెక్క మీదనైనా కనీసం ఒకటైనా వెయ్యకపోతే మాకు చెయ్యి ఆగదు. కొత్తది పద్దెనిమిదీ పందొమ్మిదీ అనుకున్నారు. తీరా చూస్తే ఒకపక్క బండ అడ్డం. ఇరుకైన చోటును పొడుగు సాగదీసి పదిహేనూ ఇరవైనాలుగూ చేశారు. మీద ఒకటి లేని పందిరి ఇదే మొదటిది. గొట్టం అన్నిటినీ చుడుతుందా అన్నది ప్రశ్న.

లెక్కలు కట్టే పెద్ద యంత్రాన్ని అడగవచ్చు కదా అంటారేమో. ధూళి కాలంలో అది నిద్రపోతుంది. ఉన్న కరెంటంతా మా ఒంటి వేడికే చాలదు. మెలకువగా ఉన్నా దాని మాట ఒక్కటీ సభకు చాలదు. వెనకటికి ఒక పందిరి కప్పు నిలుస్తుందని యంత్రం చెప్పింది. ఎందుకో ఎవరూ అడగలేదు. అది కూలింది. అప్పటి నుంచి ఏది కట్టినా ఒక బడిపిల్ల లేచి, ఇది ఎందుకు నిలుస్తుందో అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. పెద్దవాళ్ళకు తెలియకపోయినా తెలిసినట్టు తల ఊపడం వచ్చు. పిల్లలకు ఇంకా రాదు.

మా తవిటి లేచింది! ఏడెనిమిది ముగ్గులు గోడ మీద వేసి చూపించి తన సూత్రం చెప్పింది.

ఓబులేసు లేచాడు. గొట్టం పరిచే పనికి పెద్ద ఆయనే, సీమ మనిషి. “పదహైదు బేసి. ఇరవైనాలుగు సరి. అంతేనా పాపా?”

“అంతే మామా.”

“మనం కట్టినవన్నీ అట్లాంటివే గదప్పా! ఒకటి సరి, పక్కది బేసి. అందుకే అన్నీ బాగుండాయి. ఇన్నాళ్ళూ మనకే తెలీలేదు సూడు!”

సభ అంతా హోరుమంది. బడి నడిపే కన్యాకుమారి టీచరు మాత్రం చెయ్యి ఎత్తింది.

“ఎప్పుడూనా, తవిటీ?”

“ఎప్పుడూ టీచర్. నాను శానా ఏసినాను. ఒక్కటీ తప్పలేదు.”

“వేసినవి తప్పలేదు. వెయ్యనివాటి సంగతి?”

వెనక నుంచి ఎవరో, “పిల్లని బెదరగొట్టకండి టీచరమ్మా! జవాబు మీకు తెలిస్తే మీరే చెప్పండి” అన్నారు.

“నాకూ తెలీదు. తెలిస్తే అడుగుతానా?” అంది టీచరు.

అందరూ నవ్వారు. సభ ఒప్పుకుంది. నియమం ప్రకారం, ఎందుకో చెప్పిన పిల్ల పేరే పందిరికి పెడతారు. ఓబులేసు సున్నం కుంచెతో కొత్త తలుపు మీద ‘తవిటి పందిరి’ అని రాశాడు. నేను దాన్ని దూరం నుంచి చూశాను, దగ్గర నుంచి చూశాను, పక్క నుంచి కూడా చూశాను.


బయటి తలుపు. రబ్బరు పట్టీలు మార్చిన రోజు.

పాత పట్టీలు మూడు తీశాను. ఓబులేసు తలుపు దగ్గర కూర్చుని ఈ చిట్టా తిరగేశాడు.

“పైడయ్యా, ఇది తలుపు చిట్టానా, నీ కూతురి హరికతనా?”

“చదివి పెట్టరాదా, నీ గొంతుకి బాగుంటాది” అన్నాను.

“సదువుతా. మజ్జెలో తాళం ఎవురేస్తారు?” అని తొడ మీద చరిచి వెళ్ళిపోయాడు.

బడి తలుపుకు కూడా పట్టీ మార్చాల్సి ఉంటే వెళ్ళాను. లోపల పిల్లలు ‘విరగ్గొట్టే ఆట’ ఆడుతున్నారు. ఒకరు సూత్రం చెప్పాలి, మిగతావాళ్ళు దాన్ని విరగ్గొట్టాలి. విరిగితే విరగ్గొట్టినవాళ్ళకూ, చెప్పినవాళ్ళకూ ఇద్దరికీ చప్పట్లే. నాకు ఈ పద్ధతి వింతగా తోచింది. మా రోజుల్లో ఓడినవాడికి గుంజీలు.

బడిలో ముగ్గులు వేసుకునే పళ్ళేలకు చుక్కల గుంటలు ముందే ఉంటాయి, అడ్డంగా నాలుగు, పొడుగ్గా పదకొండు. తవిటి స్నేహితురాలు హసీనా పంతం పట్టింది. నాలుగూ మూడు, నాలుగూ అయిదు, నాలుగూ తొమ్మిది, చివరికి నాలుగూ పదకొండు. అన్నిటిలోనూ ఒకే గీత. నాలుగూ ఆరు, నాలుగూ ఎనిమిది వేస్తే గీత తొందరగా తిరిగొచ్చింది, సూత్రం చెప్పినట్టే.

“విరగదు టీచర్, ఇది ఇనప సూత్రం” అంది హసీనా చేతులు దులుపుకుంటూ.

“విరగలేదు. సరే. ఎందుకు విరగలేదు?” అంది టీచరు.

తవిటి ముఖం ముడుచుకుంది. “ఎందుకేటి టీచర్, సరీ బేసీ కాబట్టి!”

“అది ‘ఏది’ అన్నదానికి జవాబు. నేను ‘ఎందుకు’ అని అడిగాను. అచ్చు వెలిగించేలోపు నాకు చెప్పగలవా?”

ఇంటికి వచ్చి పిల్ల గిన్నె విసురుగా పెట్టింది. “టీచరుకి నా మీద కుళ్ళు.”

“అవును, కుళ్ళే” అన్నాను నేను.

పారమ్మ మా ఇద్దరినీ చూసింది. ఆమె నీళ్ళు వడపోసే గదిలో పని చేస్తుంది. ఎంత మురికి నీళ్ళనైనా కంగారు లేకుండా చూస్తుంది. “ఆవిడకి కుళ్ళేటి? నీకు తెలీనిది అడిగిందని నీకు కోపం. మీ నాన్నకి ఎందుకో మరి నాకు తెలీదు.”

తవిటి రొట్టె సగం తిని లేచింది.


బయటి తలుపు. మూడు రోజులది కలిపి రాస్తున్నాను.

ధూళి పెరిగింది. తలుపు తీయలేదు. పాత పందిళ్ళలో పెసర మొక్కలు పసుపు తిరిగాయి. రొట్టె అరచేతి కంటే చిన్నదయింది. పెద్దవాళ్ళం నీళ్ళు తాగి సర్దుకుంటున్నాం. కొత్త పందిరి ఈ కాలంలోనే కాపుకు రాకపోతే పిల్లల వాటా కూడా కోయాల్సి వస్తుందని ఓబులేసు చెప్పాడు. ఎంత త్వరగా గొట్టం పరిస్తే అంత మేలు.

తవిటి ముగ్గులు మానేసింది. ఊరికే నడుస్తోంది. నడవాలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఏటవాలుగా వెళ్ళి, చేత్తో తాకి, మలుపు తిరిగి మళ్ళీ ఏటవాలుగా వస్తుంది. ఏం చేస్తున్నావని అడిగాను.

“గొట్టాన్నయినాను నాన్నా.”

“గొట్టానివైతే వేడినీళ్ళు ఏవి?”

“తల్లోన మరుగుతున్నాయి” అంది. నవ్వలేదు.

నేనూ కాసేపు వెనకాల నడిచాను. మొదట తెలిసిందేమిటంటే, అడ్డం గోడకు కొన్ని అడుగులకోసారి తగులుతాం, పొడుగు గోడకు ఇంకొన్ని అడుగులకోసారి. రెండోది, మోకాళ్ళు నొప్పెడతాయి. ఇంతకు మించి నాకేమీ తట్టలేదు. పిల్లకు మాత్రం ఏదో తట్టబోతోందని నాకు గట్టిగా అనిపించింది. ఆమె పెదవి కొరుక్కునే తీరు చూసి చెబుతున్నాను.


బయటి తలుపు. నా సెలవు రోజు. తలుపు సంగతి నా బదులు ఉన్నవారు రాస్తారు. ఇది నా రాత.

ఇవాళ పారమ్మకూ సెలవే. ముగ్గురం కలిసి కూర్చున్నాం. దాచిపెట్టిన చిలగడదుంప ఒకటి కాల్చి పారమ్మ మూడు ముక్కలు చేసింది. తవిటి ముక్కే పెద్దది. దాన్ని ఊదుకుంటూ ఆ పిల్ల అడిగింది.

“మళ్ళీ ముగ్గురం ఇలగెప్పుడు?”

“పద్దెనిమిదో నాడు. ఎప్పుడూ అంతే కదే” అంది పారమ్మ.

“నాన్న సెలవు ఆరు రోజులకోసారి. నీది తొమ్మిదికోసారి. ఆరు తొమ్మిదులు యాభైనాలుగు. మరి పద్దెనిమిదికే ఎలగ కలిసీసినారు?”

“బేగి కలిస్తే నీకేటి బాధ?” అన్నాను నేను, వాళ్ళమ్మ వైపు కన్ను గీటి.

తవిటి దుంప నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది.

“రెండింట్లోనూ మూడుంది. అందుకే బేగి కలిసీసినారు.” దుంప వైపే చూస్తూ, “నాన్నా, ఆరు సరి. తొమ్మిది బేసి” అంది.

ముక్క అక్కడే పెట్టి లేచింది. ధూళి సంచీ బోర్లించి నేలంతా పరిచింది. అడ్డం ఆరు, పొడుగు తొమ్మిది చుక్కలు పెట్టింది. మూల నుంచి గీత మొదలుపెట్టింది. వేలు సాగుతోంది, మలుపు తిరుగుతోంది. నేను ఊపిరి బిగబట్టాను. గీత నేరుగా ఇంటికి వచ్చేసింది. చుట్టూ చుక్కలు, ఎవరూ తాకని చుక్కలు, ఎన్నో.

“వేలు జారిందేమోనమ్మా” అన్నాను.

మళ్ళీ వేసింది. అంతే. పారమ్మ చేత వేయించింది. అంతే. ఆరూ తొమ్మిదికి ఒకటి కాదు, మూడు గీతలు కావాల్సి వచ్చాయి.

అప్పుడు మా తవిటి మా ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది. “నాన్న అడ్డం. అమ్మ పొడుగు. గొట్టం ఏటవాలుగా పోతాది కదా, అంటే ఒక్కో అడుగుకీ అడ్డం ఒకటి, పొడుగు ఒకటి జరుగుతాది. అడ్డం పోయి రావడం ఒక తిరుగుడు, పొడుగు పోయి రావడం ఇంకో తిరుగుడు. ఆ రెండూ ఒకే అడుగులో ముగిస్తే గొట్టం ఇంటికొచ్చీసినట్టే. మీరిద్దరూ బేగి కలిస్తే గొట్టం బేగి వచ్చీస్తది. సుట్టాల్సినవి సుట్టకుండానే.”

“మరి పదిహేనూ ఇరవైనాలుగూ?” అంది పారమ్మ మెల్లగా.

“రెండింట్లోనూ మూడుంది” అంది తవిటి.

నా చెవుల్లో గాలి పోయినట్టయింది, తలుపు బిగింపు వదిలినప్పుడు అవుతుందే, అలాగ. తలుపు మీద సున్నంతో రాసిన పేరు కళ్ళ ముందు ఆడింది. అచ్చు ఇవాళే వెలిగిస్తానని ఓబులేసు పొద్దున్న చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది.

“అందరి ముందూ తప్పని సెప్పాలి కదే” అంది పారమ్మ.

“తప్పే కదమ్మా మరి” అని పిల్ల అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

దాని ముఖం చూడాల్సింది! సూత్రం విరిగిన పిల్ల ముఖంలా లేదు. గదిలో కొత్త కిటికీ తెరిచినట్టుంది. నాకు భయమూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి, సంతోషం ముందు వచ్చి కూర్చుంది.


అదే రోజు, అచ్చు దగ్గర.

అచ్చు వెలిగింది. గుళికల బస్తా మూతి విప్పి ఓబులేసు చేటలోకి తీస్తున్నాడు. ఒకసారి పోస్తే కరుగుతాయి, కరిగితే పరిచి తీరాలి. చుట్టూ జనం వెచ్చదనం కోసం చేరారు. కన్యాకుమారి టీచరు కూడా అక్కడే ఉంది.

“మామా, పొయ్యొద్దు!” అని తవిటి అరిచింది. “నా సూత్రం తప్పు.”

ఓబులేసు చేట దించలేదు. “ఏంది పాపా? సభ ఒప్పుకున్న మాట గదా అది!”

“సభ ఒప్పుకుంది. గొట్టం ఒప్పుకోదు.”

ఎవరో నవ్వబోయి ఆగారు. తవిటి నేల మీద ఆరూ తొమ్మిదీ వేసింది. గీత ఇంటికి వచ్చింది. చుక్కలు మిగిలాయి. ఒకరి వెనక ఒకరు వంగి చూశారు. ఓబులేసు చాలాసేపు చూశాడు. చేటలోని గుళికలు బస్తాలోకి తిరిగి పోశాడు. ఆ చప్పుడు నాకు ఎంత హాయిగా వినిపించిందో రాయలేను.

“పదహైదూ ఇరవైనాలుగూ ఇట్లే అవుతుందా?”

“అవుతాది. మూడు గొట్టాలు కావాలి.”

“ఉండేది ఒగటే.”

ఇక గోల మొదలైంది. పెద్దవాళ్ళ గొంతులే ఎక్కువ. “నే ముందే అన్నాను, మీద ఒకటి వెయ్యకుండా కడితే ఇలాగే అవుతుంది!” “వెయ్యండి ఒకటి! ఇరవైఅయిదు చెయ్యండి!” “వరసలు కాదు, అడ్డానికి వెయ్యండి, పదహారు!”

తవిటి వేళ్ళు ముడిచి లెక్క చూసింది. “ఇరవైఅయిదు చేస్తే రెండింట్లోనూ అయిదుంది. అయిదు గొట్టాలు. పదహారు చేస్తే రెండింట్లోనూ ఎనిమిది. ఎనిమిది గొట్టాలు.”

ఎప్పుడూ లేనిది, మా జనం మీద ఒకటి వేయడానికి భయపడ్డారు.

“మరి యా లెక్క సరిపోతాది?” అన్నాడు ఓబులేసు.

“చివరి వరస వదిలీండి. ఇరవైమూడు.”

“పదహైదూ ఇరవైమూడూ? రెండూ బేసి పాపా! నువ్వు ఏమన్నావ్ మొన్న?”

“మొన్న తప్పు సెప్పినాను మామా. సరీ బేసీ కాదు చూడాల్సింది. రెండింట్లోనూ ఏదైనా కలిసి ఉందా అని చూడాలి.”

అప్పుడు టీచరు ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు. “ఎప్పుడూనా, తవిటీ?”

అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు. ముగ్గులు వేసి చూపిస్తుందేమో అనుకున్నాను. ఒక్కటి కూడా వెయ్యలేదు.

“ఎప్పుడూనే టీచర్. అడ్డం తిరుగుడూ పొడుగు తిరుగుడూ ఒకేసారి ముగిస్తేనే గీత ఇంటికొస్తాది. రెండు అంకెల్లోనూ ఒకటి తప్ప కలిసేది లేకపోతే ఆ రెండూ ఒకదాన్నొకటి అందుకోలేవు. అన్నీ తిరిగినాకే కలుస్తాయి. అన్నీ తిరిగినాక సుట్టని సుక్క ఎలగ మిగుల్తాది? అంకె ఎంత పెద్దదైనా అంతే. నాను వెయ్యనివి కూడా అంతే.”

టీచరు పక్కనున్న బస్తా మీద కూర్చుండిపోయింది.

“ఇప్పుడు నాక్కూడా తెలిసింది” అంది.

హసీనా ముందు చప్పట్లు కొట్టింది. “విరిగింది! ఇనప సూత్రం విరిగింది! విరగ్గొట్టింది అదే, చెప్పిందీ అదే. రెండు చప్పట్లూ దానికే!” అని బడి ఆటలో లాగే గెంతింది. జనం కలిశారు. ఓబులేసు తడిగుడ్డతో కొత్త తలుపు మీది పేరు తుడిచేశాడు. “నీళ్ళు తిరిగొచ్చినాక ఏ పేరు రాయాలో సభ సెప్తుంది” అన్నాడు. తవిటి తల ఊపింది. ఆ తుడుపును చూసి నాకు చివుక్కుమంటుందేమో అనుకున్నాను. అనలేదు. ఉన్న మాట రాస్తున్నాను.

దిమ్మెలు పదిహేను పోయాయి. ఆ వరసలో వెల్లుల్లి వేద్దాం, అది చలికి కొంచెం ఓరుస్తుంది అంది పారమ్మ.


బయటి తలుపు. గొట్టం పరిచిన రోజు.

తలుపు తీయలేదు. ధూళి తగ్గలేదు. బిగింపు పర్వాలేదు.

గొట్టం పరచడం పొద్దున్న మొదలైంది. నాకు కాపలా పని ఉండి మధ్యాహ్నం దాకా కదలలేకపోయాను. వచ్చేవాళ్ళను అడుగుతూ కూర్చున్నాను. సగం అయిందన్నారు. ముప్పావు అయిందన్నారు. చివరికి ఒకరు పరుగున వచ్చి, గొట్టం ఒక్కొక్క దిమ్మెనూ చుట్టి బయలుదేరిన నోటి దగ్గరికే వచ్చిందనీ, ఇక నీళ్ళు వదలబోతున్నారనీ చెప్పారు. నా బదులు ఆయన్ను కూర్చోబెట్టి ఇంటికి పరుగెత్తాను.

తవిటి నేల మీద బోర్లా పడుకుని ఉంది. ముందు ధూళి. ఈసారి చుక్కలు పెట్టెలా లేవు. పైన ఒకటి, కింద రెండు, దాని కింద మూడు, కొండలా పేర్చింది.

“తవిటీ, బేగి రా! నీళ్ళొదుల్తున్నారు. అవతలి మూతిలోంచి వేడిగా వస్తాయో లేదో ఊరంతా చూస్తోంది. అందరూ నిన్నే అడుగుతున్నారు!”

తల ఎత్తలేదు. వేలు మాత్రం ఒక చుక్క దగ్గర ఆగింది.

“వస్తాయి నాన్నా.”

“వస్తాయిలే, వచ్చి సూడవా?”

“వస్తాయని తెలుసు కదా. నువ్వెల్లు.” తరవాత, నాతో కాదు, చుక్కలతో అన్నట్టుగా, “మూడు పక్కలున్నదాంట్లోన గీత ఎటు తిరుగుతాది...” అంది.

గుమ్మంలో నిలబడ్డాను. ఇదే పిల్ల మొన్నటి దాకా ప్రతి ముగ్గూ పూర్తయ్యే వరకు ఊపిరి బిగబట్టి చూసేది. ఇప్పుడు ఊరికి కూడు పెట్టే గొట్టం చివర ఏమవుతుందో చూడడానికి లేవలేదు. పొగరు కాదు. ఆ ముఖంలో పొగరు లేదు. నాకు తెలియని ఒక చోట తను నిశ్చింతగా కూర్చుని ఉంది. ఆ చోటికి నేను ఈ వయసులో వెళ్ళలేను. నా కూతురు వెళ్ళింది! ఇది ఎవరికి చెప్పుకోను, తలుపుకు తప్ప?

పందిరికి వెళ్ళేసరికి జనం మధ్య దారి ఇచ్చారు. ఓబులేసు నీళ్ళు వదిలాడు. గొట్టంలో ఎక్కడో గుడగుడమంది, ఆ చప్పుడు దూరమై, ఇంకా దూరమై, వినిపించకుండా పోయింది. పారమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. టీచరు కళ్ళు మూసుకుంది. నేను వంగి గొట్టం అవతలి మూతి కింద చెయ్యి పెట్టి నిలుచున్నాను. నడుము పట్టేసింది. ఎవరో, “చేయి తియ్యి తాతా, వచ్చినప్పుడు కనపడుతుందిలే” అన్నారు.

తియ్యలేదు. మొదట చల్లటి గాలి వచ్చింది. తరవాత తడి. ఆ తరవాత వెచ్చగా, నిండుగా, వేళ్ళ సందుల్లోంచి కారి మోచేతి దాకా వచ్చింది.

పిల్ల చెప్పినప్పుడే నమ్మాను. అయినా చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.